కృష్ణా అని కొట్టి చూడండి

మీరు వాడే ఎడిటర్ ఏదైనా సరే, తెరిచి ‘కృష్ణా’ అని కొట్టండి. కంటికి కనిపించేవి రెండక్షరాలు: కృ, ష్ణా. ఫైలులోకి వెళ్లేసరికి ఆ మాట ఆరు ముక్కలవుతుంది: క, వట్రసుడి, ష, పొల్లు, ణ, దీర్ఘం. యూనికోడ్‌లో తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 గడులు కేటాయించారు. మన ఆరు ముక్కల నంబర్లు వరసగా 3093, 3139, 3127, 3149, 3107, 3134. డిస్కు మీద యూటీఎఫ్-8 పద్ధతిలో రాసేటప్పుడు ఒక్కో ముక్క మూడు బైట్లు పడుతుంది. అంటే మొత్తం 18 బైట్లు.

కంటికి రెండు, యూనికోడ్‌కు ఆరు, డిస్కుకు పద్దెనిమిది. ఈ మూడు లెక్కల మధ్య రాయబారం నడపడమే ఎడిటర్ పని. ప్రోగ్రామర్లు ఎడిటర్ల గురించి వాదించుకునేటప్పుడు వేగం, షార్ట్‌కట్లు, రంగులు, ప్లగిన్ల గురించి మాట్లాడుకుంటారు. ఇంగ్లిష్‌లో మాత్రమే కోడ్ రాసేవాళ్లకు అది సరిపోతుంది. విజయవాడలో కూర్చుని తెలుగు వెబ్‌సైట్లకూ తెలుగు యాప్‌లకూ పనిచేసేవాళ్లకు మాత్రం అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ ఎడిటర్ నా తెలుగును అక్షరాలుగా కాపాడుతుందా? ఎడిటర్ తర్వాత ఎడిటర్ మారుస్తూ వచ్చిన నాకు చివరికి గట్టిగా నిలిచిన కొలమానం అదొక్కటే.

మా తరానికి మొదటి ఎడిటర్ టర్బో సీ నీలం తెర. బోర్లాండ్ కంపెనీ దాన్ని 1987లో తెచ్చింది. ప్రపంచం ముందుకు వెళ్లిపోయాక కూడా కృష్ణా, గుంటూరు జిల్లాల ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబుల్లో అది చాలాకాలం కొనసాగింది. కొత్త విండోస్ మీద నడవకపోతే డాస్‌బాక్స్ పెట్టి మరీ నడిపించారు. అందులో తెలుగు ప్రశ్నే రాదు. 256 గుర్తుల ప్రపంచం అది. ఒక గుర్తు, ఒక బైటు, తెర మీద ఒక గడి: మూడు లెక్కలూ ఒకటే. ఆ ఇరుకులోంచి చూస్తే ప్రోగ్రామింగ్ అంటే ఇంగ్లిష్ అక్షరాల పని అనే నమ్మకం పిల్లల్లో పాతుకుపోవడంలో ఆశ్చర్యం లేదు.

తర్వాత నోట్‌ప్యాడ్. ఇక్కడ తెలుగు కొట్టొచ్చు, చూడొచ్చు. సేవ్ చేసేటప్పుడే చిక్కు. 2019 మే నెలలో విండోస్ 10కు వచ్చిన అప్‌డేట్ దాకా నోట్‌ప్యాడ్ తనంతట తాను ఎంచుకునే పద్ధతి ‘ఆన్సీ’. అందులో తెలుగుకు చోటు లేదు. హెచ్చరిక పెట్టె వస్తుంది గాని, అలవాటుగా ఓకే కొట్టేస్తే ఫైలు మూసి తెరిచేసరికి తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలై ఉంటాయి. ఆ ప్రశ్నార్థకాల వెనక ఏమీ మిగలదు. 18 బైట్ల స్థానంలో ఆరు ప్రశ్న గుర్తులు రాసేశాక ఎంత గొప్ప ప్రోగ్రామరూ ‘కృష్ణా’ను తిరిగి తేలేడు.

దీనికి పూర్తిగా భిన్నమైన జబ్బు ఇంకోటుంది. ఫైలు శుభ్రంగా యూటీఎఫ్-8లోనే ఉంటుంది, తెరిచిన ఎడిటర్ దాన్ని పాత పశ్చిమ యూరప్ పద్ధతి అనుకుంటుంది. ‘క’ బైట్లు 224, 176, 149. పాత పద్ధతిలో 224 అంటే నెత్తిన గీత ఉన్న చిన్న ‘ఏ’, 176 అంటే డిగ్రీ గుర్తు. తెలుగు పేజీ అంతా నెత్తిన గీతల ‘ఏ’లతో, డిగ్రీ గుర్తులతో నిండిపోయిందంటే భయపడకండి. అక్కడ తెలుగు చెక్కుచెదరకుండా ఉంది, చదివే పద్ధతి మారిస్తే చాలు. ప్రశ్నార్థకాలు కనిపిస్తేనే గుండె రాయి చేసుకోవాలి. ఈ తేడా తెలియక మంచి ఫైళ్లను పారేసుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

విమ్ దగ్గరికి వచ్చేసరికి కథ వేరు. దాని తాత ‘వీఐ’ని 1976 ప్రాంతంలో బర్క్‌లీలో బిల్ జాయ్ రాశాడు. ఆయన ఇంటి నుంచి పనిచేసిన మోడెం వేగం సెకనుకు 300 బిట్లు. తెర మీద ఒక్కో అక్షరం పాకుతూ వస్తుంటే ఆదేశాలు ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు. ఆయన వాడిన టెర్మినల్ ఏడీఎం-3ఏ కీబోర్డు మీద బాణం గుర్తులు హెచ్, జే, కే, ఎల్ మీటల మీదే ముద్రించి ఉండేవి. అందుకే ఈనాటికీ విమ్‌లో కర్సర్‌ను కదిలించేవి ఆ నాలుగు మీటలు. 1991లో బ్రామ్ మూలెనార్ విమ్‌ను విడుదల చేశాడు. డబ్బు అడగలేదు, నచ్చితే ఉగాండాలోని పిల్లలకు సాయం చేయమన్నాడు. 2023 ఆగస్టులో చనిపోయేదాకా దాన్ని తన చేతుల మీదుగానే పెంచాడు. అలాంటి మనిషి చేసిన పనిముట్టును వాడటం నాకు గౌరవంగా అనిపిస్తుంది.

అయితే తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టుకుని విమ్ వాడి చూడండి. అదే హెచ్, జే, కే, ఎల్ మీటల మీద ఇప్పుడు ఉన్నవి ప, ర, క, త. కిందికి దిగుదామని జే నొక్కితే విమ్‌కు ‘ర’ అని వినబడుతుంది. అలాంటి ఆదేశం దానికి తెలియదు. చెరపడానికి డీ నొక్కితే అది పొల్లు. ప్రతిసారీ తెలుగులోంచి ఇంగ్లిష్‌కూ, ఇంగ్లిష్‌లోంచి తెలుగుకూ కీబోర్డు తిప్పుకోవాలి. దీనికి మందు విమ్‌లోనే ఉంది. కీబోర్డును ఆపరేటింగ్ సిస్టమ్‌లో మార్చకుండా, విమ్ లోపలి ‘కీమ్యాప్’ను వాడితే రాసేటప్పుడు మాత్రమే తెలుగు పడుతుంది, ఆదేశాలిచ్చేటప్పుడు మీటలు మళ్లీ ఇంగ్లిష్‌వే. ఈమాక్స్‌లోనూ ఇదే ఏర్పాటు ఉంది. తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్, ఐట్రాన్స్ రెండు పద్ధతులూ అందులోనే వస్తాయి. ప్రపంచ భాషల్లో పలకరింపులు చూపించే ఈమాక్స్ ఫైలు తెరిస్తే వాటి మధ్య మన ‘నమస్కారం’ కూడా ఉంటుంది.

టెర్మినల్‌లో నడిచే ఎడిటర్లకు ఇంకో కష్టం, అది లోతైనది. టెర్మినల్ తెర గళ్ల కాగితం. ఒక్కో కోడ్‌కు సున్నా, ఒకటి, లేదా రెండు గడులని ముందే లెక్క కట్టి పెట్టుకుంటుంది. తెలుగు ఆ గళ్లలో ఇమడదు. యూనికోడ్ వర్గీకరణలో గుడి, దీర్ఘం ఒక జాతి. కొమ్ము, వట్రసుడి ఇంకో జాతి. మొదటివాటికి చోటు అక్కర్లేదని, రెండోవాటికి ఒక గడి కావాలని టెర్మినళ్లు సాధారణంగా లెక్క వేస్తాయి. ష్ణాలో ణ వత్తు కిందికి దిగి ష పాదాల దగ్గర కూర్చుంటుంది, కానీ లెక్కలో దానికీ ఒక గడి. చివరికి కర్సర్ ఒకచోట మెరుస్తుంటుంది, అక్షరం ఇంకోచోట పడుతుంది. పేరాగ్రాఫు మధ్యలో ఏదైనా దిద్దబోతే పక్క అక్షరం పోతుంది. ఇది విమ్ తప్పు కాదు, గళ్ల కాగితం తప్పు. అందుకే తెలుగు పేరాలకు టెర్మినల్ ఎడిటర్ వద్దని నా నిశ్చితాభిప్రాయం. కోడ్‌కు వాడండి, తెలుగుకు మాత్రం సొంత కిటికీ ఉన్నది కావాలి.

కిటికీ ఉన్నంత మాత్రాన సరిపోదు. ఆరు కోడ్‌ల వరసను చూసి, ణకు వత్తు రూపం తెచ్చి, ష కింద సరిగ్గా అమర్చి, దీర్ఘాన్ని పైకి తగిలించే పని వేరే యంత్రాంగం చేస్తుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రపంచంలో ఆ భారం ఎక్కువగా మోసేది హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ. 2020లో వచ్చిన ఈమాక్స్ 27 నుంచి అది దాని ప్రధాన ఆధారమయింది. వీఎస్ కోడ్ లోపల ఉన్నది క్రోమియం బ్రౌజరే గనుక తెలుగు అక్షరాలు బ్రౌజర్‌లో ఎంత బాగా వస్తాయో అందులోనూ అంత బాగా వస్తాయి.

అక్షరం కుదిరాక కర్సర్ సంగతి. ‘కృష్ణా’ చివర కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ నొక్కుతూ పోండి. చాలా ఎడిటర్లలో కనిపించే వరస ఇది: కృష్ణా, కృష్ణ, కృష్, కృష, కృ, క, ఖాళీ. ఆరు నొక్కులు. అదే మాట మీద బాణం మీటతో నడిస్తే ఆరు అడుగులు పడవు. ఒక్కో ఎడిటర్ ఒక్కో రకంగా రెండో, మూడో అడుగుల్లో దాటేస్తుంది. మొదటిసారి చూసినవాళ్లకు ఇది లోపంలా కనిపిస్తుంది. ఆలోచిస్తే ఇదే సబబు. దీర్ఘం ఒక్కటే తప్పు పడితే దీర్ఘం ఒక్కటే పోవాలి, మొత్తం ష్ణా మళ్లీ కొట్టించుకోకూడదు. నడిచేటప్పుడు మాత్రం షకూ దాని వత్తుకూ మధ్య కర్సర్ నిలబడటంలో అర్థం లేదు.

ఆ ‘రెండో, మూడో’ అన్న తేడా ఎందుకొచ్చిందంటే, అక్షరం హద్దులు ఎక్కడో చెప్పే యూనికోడ్ నియమమే చాలాకాలం మనకు సరిపడేలా లేదు. పాత నియమం పొల్లు తర్వాత తెంపేది: కృ, ష్, ణా. మనం గుణింతం చదివే తీరుకు అది పొసగదు. 2023 సెప్టెంబరులో వచ్చిన యూనికోడ్ 15.1లో కొత్త నియమం చేర్చారు. హల్లు, పొల్లు, హల్లు కలిసి వస్తే తెంపకూడదని తెలుగు, దేవనాగరి, బెంగాలీ, గుజరాతీ, ఒడియా, మలయాళం లిపులకు వర్తింపజేశారు. పలకమీద దిద్దే పిల్లవాడి లెక్కకు యూనికోడ్ లెక్క అప్పుడు కలిసింది. ఎడిటర్లు, లైబ్రరీలు ఈ మార్పును ఒక్కొక్కటిగా అందుకుంటున్నాయి, అందుకే ఈ రోజుకీ ఒక్కోచోట ఒక్కో అడుగు.

ఇవి చిన్న విషయాలు కావని 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. ‘జ్ఞా’లో ఞకూ దీర్ఘానికీ మధ్య కంటికి కనబడని 8204 నంబరు కోడ్ ఇరికిస్తే, ఆ అక్షరాన్ని గీయబోయి ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిదిద్దింది. మామూలుగా రాసే ‘జ్ఞానం’తో ఏ ఇబ్బందీ లేదు, ఆ కనబడని కోడ్ తోడైతేనే చిక్కు. ఆ కోడ్ దొంగదీ కాదు. ‘సాఫ్ట్‌వేర్’ అనే మాటలో ట్ దగ్గర పొల్లు కనిపించాలంటే, వ దాని కింద వత్తుగా దిగిపోకుండా ఆపాలంటే అదే కావాలి. ఇంగ్లిష్ మాటలు ఇంతగా కలిసిన మన రాతలో అది అడుగడుక్కీ ఉంటుంది.

దీనివల్ల వెతుకులాటలో వచ్చే తిప్పలు ప్రోగ్రామర్లు తెలుసుకుని తీరాలి. ఒకరు 8204తో రాసిన మాటను ఇంకొకరు అది లేకుండా వెతికితే ఎడిటర్‌కు దొరకదు. ఐత్వం సంగతీ ఇంతే: ‘ై’ని ఒకే కోడ్‌గా రాయొచ్చు, ఎత్వం, దాని కింది గుర్తు అని రెండు కోడ్‌లుగానూ రాయొచ్చు. రెండూ సమానమని యూనికోడే చెబుతుంది, కానీ బైట్లు పోల్చి వెతికే ఎడిటర్‌కు అవి వేరు మాటలు. పైథాన్ 3లో చలరాశులకు తెలుగు పేర్లు పెట్టొచ్చు. అసలు, వడ్డీ, కాలం అని పెట్టి ప్రోగ్రామ్ రాస్తే చక్కగా నడుస్తుంది. పేరులో 8204 ఉంటే మాత్రం పైథాన్ ఒప్పుకోదు. తప్పు ఎక్కడుందో కంటికి కనబడదు గనుక కొత్తగా నేర్చుకునే పిల్లలు తల పట్టుకుంటారు. కనబడని కోడ్‌లను గుర్తుగా చూపించగల ఎడిటర్ అక్కడ అక్కరకొస్తుంది.

ఎడిటర్ తన కడుపులో పాఠాన్ని ఎలా దాచుకుంటుందన్నది ఇంకో అందమైన విషయం. ఈమాక్స్ పాఠమంతా ఒక వరసలో పెట్టి, కర్సర్ దగ్గర కొంత ఖాళీ వదులుతుంది. అక్కడే టైపు చేస్తున్నంతసేపు ఎవర్నీ జరపనక్కర్లేదు. కర్సర్ దూరం వెళ్లి మళ్లీ రాయడం మొదలుపెడితే ఖాళీ అక్కడికి తరలుతుంది. వీఎస్ కోడ్ మొదట్లో వరసకొక వస్తువు చొప్పున దాచేది. ఒక వాడుకరి 35 మెగాబైట్ల ఫైలు తెరవలేకపోయాడు. చూస్తే అందులో కోటీ 37 లక్షల వరసలున్నాయి, వరస జాబితాకే 600 మెగాబైట్ల దాకా మెమరీ అయిపోతోంది. 2018లో వాళ్లు పాత పద్ధతి వదిలి ‘పీస్ టేబుల్’కు మారారు. ఆ ఆలోచన 1970లలో జెరాక్స్ పార్క్ పరిశోధనశాలలో బ్రావో అనే ఎడిటర్‌లో వాడినదే. విజయవాడ వన్‌టౌన్ షావుకార్ల చిట్టా, ఆవర్జా తెలిసినవాళ్లకు ఇది వెంటనే బోధపడుతుంది. అసలు ఫైలును ఎవరూ ముట్టుకోరు. మీరు కొత్తగా కొట్టినదంతా చిట్టాలాగా వచ్చిన వరసలో చివరికి చేరుతూ పోతుంది. ఏ ముక్క తర్వాత ఏ ముక్క చదవాలో ఆవర్జాలాంటి పట్టిక చెబుతుంది. చెరిపినా చిట్టాలో కొట్టివేత ఉండదు, పట్టికలో ఆ ముక్క ప్రస్తావన పోతుంది, అంతే. అందుకే చేసిన మార్పు వెనక్కి తీసుకోవడం అంత తేలిక.

కరెంటు పోతే? మా వైపు ఎండాకాలం ఆ ప్రశ్న ప్రతి ప్రోగ్రామరూ వేసుకున్నదే. విమ్ 200 అక్షరాలు కొట్టిన ప్రతిసారీ, లేదా నాలుగు సెకన్లు చెయ్యి ఆగితే, మార్పులను స్వాప్ ఫైలులో రాసి పెడుతుంది. ఈమాక్స్ 300 మీటలకో, 30 సెకన్ల విరామానికో ఆ పని చేస్తుంది. ఇన్వర్టరు లేని గదుల్లో ఎన్నో అర్ధరాత్రి పనులను ఈ అంకెలే నిలబెట్టాయి.

ఇంతవరకు చెప్పిన ఎడిటర్లన్నిటికీ ఒక మంచి గుణం ఉమ్మడి. ఒకదాన్ని వదిలి ఇంకోదానికి వెళ్తే ఫైలు వెంట వస్తుంది. యూటీఎఫ్-8 ఫైలు విమ్‌దీ కాదు, వీఎస్ కోడ్‌దీ కాదు. 2014లో వచ్చి ఎందరో మెచ్చిన ఆటమ్ ఎడిటర్‌ను 2022 డిసెంబరులో మూసేసినా దానితో రాసిన ఒక్క వరస కూడా ఎవరూ పోగొట్టుకోలేదు. ఈ గుణం విలువ తెలియాలంటే ఏలూరు రోడ్డు, అరండల్‌పేట, గవర్నర్‌పేటల్లోని డీటీపీ సెంటర్లు చూడాలి. తెలుగు పుస్తకాల్లో ఎంతో భాగం తయారైన చోటు అది. అక్కడి పనిముట్లు పేజ్‌మేకర్, దానితోపాటు అను ఫాంట్లు. యాపిల్ కీబోర్డు వరసలో వేళ్లు పరుగెత్తించే ఆపరేటర్ల నేర్పు చూసి తీరవలసినది. చేతిరాత ప్రతి మీద కన్ను, మీటల మీద వేళ్లు, తెర వైపు చూడను కూడా చూడరు.

వాళ్లు చేసింది ఆ కాలానికి తగిన పనే. విండోస్‌కు 2001లో ఎక్స్‌పీ వచ్చేదాకా తెలుగే తెలియదు. గౌతమి ఫాంటు అప్పుడే దానితో వచ్చింది. అంతకుముందు డీటీపీలో తెలుగు అచ్చు కావాలంటే మామూలు దారి ఇది: ఇంగ్లిష్ అక్షరాల గడుల్లో తెలుగు ఆకారాలు కూర్చోబెట్టిన ఫాంటు. తెర మీద, కాగితం మీద తెలుగే. ఫైలులో ఉన్నవి మాత్రం ఇంగ్లిష్ కోడ్‌లు. ఫాంటు తీసేస్తే పిచ్చి గీతలు. అందులో ‘కృష్ణా’ను మామూలుగా వెతకలేం, అకారాది వరసలో పేర్చలేం. పైగా పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత దాని అభివృద్ధి ఆగిపోయింది. ఎడిటర్‌నూ ఫాంటునూ వదిలితే పుస్తకం కూడా పోతుందన్న పరిస్థితి.

ఇదే కాలంలో అమెరికాలో తెలుగువాళ్లు ఇంకో దారి తొక్కారు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ తెలుగును మామూలు ఇంగ్లిష్ అక్షరాల్లో కచ్చితమైన నియమాలతో రాసే పద్ధతి ఏర్పరిచారు. ఆ విశ్వవిద్యాలయం పేరుమీదే దాన్ని ఆర్‌టీఎస్ అంటాం. చూడ్డానికి అందం లేదు గాని, అక్షరం లెక్క పక్కా. ఆర్‌టీఎస్‌లో అప్పుడు కొట్టిన పద్యమేదైనా ఈనాటి ఏ ఎడిటర్‌లోనైనా తెరుచుకుంటుంది, చిన్న ప్రోగ్రామ్‌తో యూనికోడ్‌లోకి మారిపోతుంది. వీవెన్ చేసిన ‘లేఖిని’లో ఇప్పుడు మనం కొట్టేదీ ఆ బాణీయే. అచ్చుకు అందంగా ఉన్నది చిక్కుపడింది, అందం లేనిది స్వేచ్ఛగా ప్రయాణించింది.

చిక్కుపడ్డదాన్ని విడిపించడానికి శ్రమపడ్డవాళ్లూ ఉన్నారు. పాత ఫాంట్లలో ఉన్న పత్రికల పేజీలను యూనికోడ్‌గా మార్చే ‘పద్మ’ను వెన్న నాగార్జున తయారుచేశారు; 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాను మొదలుపెట్టిందీ ఆయనే. 2012 ప్రాంతంలో సిలికానాంధ్ర చొరవతో పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన యూనికోడ్ ఫాంట్లు ఎవరైనా ఉచితంగా వాడుకునే లైసెన్సుతో వచ్చాయి. వాటిలో ‘మండలి’ దివిసీమకు చెందిన మండలి వెంకటకృష్ణారావు పేరు మోస్తోంది, ‘ఎన్టీఆర్’ నిమ్మకూరు బిడ్డ పేరు. అచ్చుకు అందం కోసం ఇంక ఇంగ్లిష్ గడులు అరువు తెచ్చుకోనక్కర్లేదు.

మిగిలినది పాత ఫైళ్ల మార్పిడి. ఇది పట్టిక చూసి అక్షరం బదులు అక్షరం పెట్టే పని అనుకుంటే పొరపాటు. క్రావడి హల్లుకు ఎడమవైపు నుంచి మొదలవుతుంది. ఆకారాల వరసలో దాచిన ఫైలులో అది హల్లు కంటే ముందే ఉండొచ్చు, యూనికోడ్‌లో మాత్రం తర్వాతే రావాలి. వకు తోక తగిలించి మ చేసుకునే ఫాంటు అయితే, ఆ తోక కొమ్మా, మలో భాగమా అన్నది పక్క ముక్కల్ని బట్టి తేల్చాలి. మార్చే ప్రోగ్రామ్ ఎక్కడో ఒకచోట తడబడుతుంది. అందుకే మార్చిన పుస్తకాన్ని నేను ముందు సాదా ఎడిటర్‌లో తెరిచి మూడు రకాల వెతుకులాటలు నడుపుతాను: ఖాళీ తర్వాత నేరుగా వచ్చిన గుణింతపు గుర్తు, వెంటవెంట పడిన రెండు గుణింతపు గుర్తులు, మాట మొదట్లో పడిన పొల్లు. రెండో జాబితాలోంచి రెండు కోడ్‌లుగా రాసిన ఐత్వాలను తీసేస్తాను, అవి తప్పులు కావు. మిగిలినవాటిని పేజీ నంబర్లతో సహా ప్రూఫ్ రీడర్‌కు పంపుతాను. ‘వు’ అనాల్సిన చోట ‘మ’ పడిందా అన్నది ఏ వెతుకులాటకూ దొరకదు, వాక్యం చదివిన మనిషే పట్టుకోవాలి. ఆ చదివే మనుషులు అరండల్‌పేటలో ఇంకా ఉన్నారు. మార్పిడి పనికి ఒప్పుకునే ప్రచురణకర్తలు ప్రోగ్రామర్ కూలితోపాటు వాళ్ల కూలి కూడా లెక్కలో వేసుకోవాలి.